వాల్టర్ గారికి కప్పిన శాలువా

కెనడా వెళ్ళొచ్చిన మనవాళ్ళు నయాగరా గురించి రాస్తారు. నేనూ చూశాను. ఎర్ర ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పడవెక్కాను, తడిశాను, ఫోటో దిగాను. దాని గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గరేమీ లేదు. ఇప్పుడు రాస్తున్నది వేరే ప్రయాణం సంగతి. టొరంటోకి ఉత్తరాన కారులో ఆరు గంటలు వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో నాలుగు రోజులున్నాను. ఆ నాలుగు రోజుల్లో ఆ ఊరికి నేను చేసిన అపకారం గురించే ఇదంతా. ఊరి పేరు మాత్రం రాయను. వాళ్ళు తెలుగు చదవరన్నది నిజమే గాని, నా నిర్వాకం పక్కన వాళ్ళ ఊరి పేరు ఉండటం నాకిష్టం లేదు.

ముందు నా గురించి రెండు ముక్కలు. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి, మేనేజరుగా రిటైరయ్యాను. అందులో ఇరవై ఏళ్ళు కౌన్సిల్ సెక్షనే. ఎజెండా తయారు చేయడం, తీర్మానాలు రాయడం, మినిట్స్ పుస్తకంలో సభ్యుల చేత సంతకాలు పెట్టించడం నా పని. నా తీర్మానంలో అక్షరం మార్చాల్సిన పని లేదని ముగ్గురు కమిషనర్లు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు తలకెక్కించుకునే కెనడాలో విమానం దిగాను.

మిస్సిసాగా

ఎయిర్‌పోర్టుకి మా చెల్లెలి కూతురు ప్రసన్న వచ్చింది. పదో తరగతి దాకా మా ఇంట్లోనే ఉండి చదువుకున్న పిల్ల. తర్వాత హైదరాబాదు, ఆ తర్వాత కెనడాలోనే గ్వెల్ఫ్‌లో ఎమ్మెస్. ఇక్కడే స్థిరపడటానికి పీఆర్ వచ్చాక, ఉన్న కంపెనీ వదిలేసి ఉత్తరాన ఆ చిన్న ఊరి మున్సిపాలిటీలో ఇంజనీరుగా చేరింది. "నీలాగే మున్సిపాలిటీ పెద్దమ్మా," అని చేరిన రోజు ఫోన్ చేసింది. ఆ మాట నేను మా వీధి మొత్తానికీ చెప్పుకున్నాను.

ఆ పూటకి మిస్సిసాగాలో దాని స్నేహితురాలి ఇంట్లో దిగాం. ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా కట్టిన ఇళ్ళు, అన్నీ ఒకే రంగు. వాళ్ళ ఏడేళ్ళ పిల్లతో నేను తెలుగులో మాట్లాడుతుంటే అది ఇంగ్లీషులో జవాబిస్తోంది. గంటసేపు అలాగే కబుర్లాడుకున్నాం, ఇద్దరికీ ఇబ్బంది కలగలేదు.

పెట్టె తెరిచి సర్దుతున్నప్పుడు ప్రసన్న గట్టిగా నవ్వింది. గోంగూర పచ్చడి, సున్నుండలు, కందిపొడి సరే. వాటి కింద ప్లాస్టిక్ కవర్లలో మూడు జరీ అంచు శాలువాలు.

"ఇవెవరికి పెద్దమ్మా?"

"ఎవరికో ఒకరికి. పెద్దమనుషులు కనబడితే ఉత్త చేతులతో నిలబడతామా?"

"ఇక్కడ శాలువాలెవరు కప్పుకుంటారే!"

"చలిదేశమేగా, బాగానే కప్పుకుంటార్లే," అన్నాను. మా ఆఫీసులో శాలువా లేకుండా ఏ పనీ మొదలయ్యేది కాదు, ముగిసేదీ కాదు. బీరువాలో డజను ఎప్పుడూ నిలవ ఉండేవి. వాటి తాళం నా దగ్గరే.

ఉత్తరానికి

మర్నాడు శనివారం. 401 హైవే దాటి ఉత్తరం దారి పట్టాం. రెండు గంటలయ్యాక ఊళ్ళు పలచబడ్డాయి. ఆ తర్వాత అంతా బండలు, దేవదారు చెట్లు, చెరువులు. చెరువుకీ చెరువుకీ మధ్య రోడ్డు కోసం గులాబీ రంగు కొండరాయిని కోసి పడేశారు. మన చీమకుర్తి గ్రానైటు గుర్తొచ్చింది. దుప్పి బొమ్మతో జాగ్రత్త బోర్డులున్నాయి గాని, దుప్పి ఒక్కటీ కనబడలేదు.

దారిలో ఒక బండి దగ్గర ఆగి చేప వేపుడు, బంగాళాదుంప ముక్కలు తిన్నాం. మంచినీళ్ళ చేప. పిండి పూత పల్చగా, లోపల మెత్తగా బాగుంది. ఉప్పు తప్ప ఇంకేం వేయలేదు. పచ్చడి సీసా కారులోంచి తెచ్చుకున్నాను. ప్లేటు పద్నాలుగు డాలర్లు. నేను రూపాయల్లోకి మార్చి ఎనిమిది వందల చిల్లర అనగానే ప్రసన్న చెవులు మూసుకుంది. "మార్చొద్దు పెద్దమ్మా, మారిస్తే ఇక్కడ మంచినీళ్ళు కూడా తాగలేవ్."

అక్కడ తింటూనే తన పని సంగతి చెప్పింది. ఊరి చివర నది మీద పాత వంతెన ఒకటుంది. బరువు మోయలేదని చిన్న కార్లకే వదులుతున్నారు. ఫైరింజను, అంబులెన్సు, స్కూలు బస్సు దాటకూడదు. అవతల ఇరవై ఇళ్ళున్నాయి. అంబులెన్సు రావాలంటే చుట్టూ తిరిగి నలభై నిమిషాలు. కొత్త వంతెనకీ, రోడ్డుకీ కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తానంటోంది. ఖర్చులో మూడింట రెండొంతులు వాళ్ళిస్తారు, మిగిలిన వంతు ఊరు పెట్టుకోవాలి. పెడతామని కౌన్సిల్ తీర్మానం చేసి శుక్రవారం లోపల పంపాలి. పంపకపోతే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది.

"మ్యాచింగ్ షేరు!" అన్నాను ఉత్సాహంగా. "నాకు తెలీనిదా తల్లీ. మన రైలుగేటు అవతల కాలనీ రోడ్డుకి సెంట్రల్ గ్రాంటు తెప్పించింది ఎవరనుకున్నావ్? ఆ తీర్మానం నేనే రాశా. ఒక్క క్వెరీ రాలేదు ఢిల్లీ నుంచి."

ప్రసన్న నా వైపు ఒకసారి చూసి, చేపముక్క నోట్లో పెట్టుకుంది. తర్వాత తన కౌన్సిల్ గురించి చెప్పింది. "ఐదుగురు పెద్దమ్మా. మేయరూ, ఇంకొకావిడా ఫర్. ఇద్దరు అగైనెస్ట్, టాక్స్ పెరుగుద్దని. వాల్టర్ అని ఒకాయనున్నారు, ఆయన ఎటూ చెప్పట్లా. మంగళవారం మీటింగు."

"మరి నువ్వెళ్ళి కలవలేదా ఆయన్ని?"

"అమ్మో, నేను స్టాఫ్‌ని. రిపోర్టు రాసిచ్చా. క్వశ్చన్స్ అడిగితే చెప్తా. అంతే."

పిచ్చిపిల్ల, ఇంత చదివి బతకడం నేర్చుకోలేదే అని జాలిపడ్డాను. నిజంగానే జాలిపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ జాలికే ఎక్కువ సిగ్గేస్తుంది.

వంతెన అవతల

ఆదివారం పొద్దున ప్రసన్న నన్ను వంతెన దగ్గరికి తీసుకెళ్ళింది. కారు దిగీ దిగగానే నల్లటి చిన్న ఈగలు చుట్టుముట్టాయి. చెవుల వెనక, మెడ మీద కుట్టి రక్తం తీశాయి. జూన్‌లో ఈ ఈగలుంటాయని ఏ యాత్రాకథనంలోనూ ఎవరూ రాయలేదు, అందుకని నేను రాస్తున్నాను. చెంగు తలకి చుట్టుకుని వంతెన మీద నడిచాను.

ఇనుప చట్రం, కింద చెక్క పలకలు. నాకంటే ముందు ఒక పెద్దాయన చేతికర్రతో నడుస్తున్నాడు. పది అడుగులకోసారి ఆగి, కర్రతో పలకని తట్టి, వంగి చూసి, మళ్ళీ కదులుతున్నాడు. ఎదురుపడినప్పుడు టోపీ తీసి పలకరించాడు. కాలక్షేపానికి వచ్చిన ముసలాయన అనుకున్నాను. కారు పెట్టి ఆలస్యంగా వచ్చిన ప్రసన్నకి దూరం నుంచి ఆయన వీపు మాత్రమే కనబడింది.

అవతలి ఒడ్డున రోడ్డు పక్కన చిన్న చెక్క అర, అందులో కోడిగుడ్ల అట్టలు, పక్కన రేకు డబ్బా. డజను ఆరు డాలర్లని చేత్తో రాసి ఉంది. మనిషి లేరు. డబ్బులు డబ్బాలో వేసి గుడ్లు తీసుకెళ్ళాలట.

"ఎవరూ ఎత్తుకుపోరా?"

"డబ్బానే ఎత్తుకుపోవచ్చు పెద్దమ్మా. పోరు."

గుడ్లావిడ పేరు డొరీన్. మా మాటలు విని తోటలోంచి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వాళ్ళ ఇంగ్లీషు నాకు నెమ్మదిగా చెబితేనే అర్థమవుతుంది. ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. రెండేళ్ళ కిందట భర్తకి గుండెనొప్పి వచ్చిందట. అంబులెన్సు చుట్టూ తిరిగి వస్తోందని ఫోనులో చెప్పారట. తన ఇంటివైపు ఒడ్డున నిలబడి ఆవిడ, నది అవతల మెయిన్ రోడ్డు మీద అంబులెన్సు ఎర్రదీపం వంతెన వైపు తిరక్కుండా నేరుగా పోవడం చూసిందట. అది వచ్చేసరికి ఆయన లేడు.

"మంగళవారం నేనూ మాట్లాడతాను," అంది. "ఐదు నిమిషాలిస్తారు. కాగితం మీద రాసుకున్నాను. నాలుగు నిమిషాలే వచ్చింది."

వెళ్ళేటప్పుడు నా చేతిలో అరడజను గుడ్లు పెట్టి, అతిథివి, డబ్బులొద్దంది. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. ఈవిడ వంతెన పని నేను చేసి పెడతానని మనసులో గట్టిగా అనుకున్నాను.

వాల్టర్ గారి ఇల్లు

సోమవారం ప్రసన్న ఆఫీసుకి వెళ్ళింది. నేను తలస్నానం చేసి, మంచి చీర కట్టి, సున్నుండల డబ్బా, మెరూన్ రంగు శాలువా సంచిలో పెట్టుకుని బయల్దేరాను. దుకాణంలో అడిగితే ఒకమ్మాయి బయటికొచ్చి మరీ వాల్టర్ గారిల్లు చూపించింది.

ఇక్కడ మా పద్ధతి చెప్పాలి. మా మున్సిపాలిటీలో కౌన్సిల్ మీటింగు రేపనగా తీర్మానాలు ఇవాళే తయారై ఉండేవి. "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్న వాక్యం మీటింగుకి ముందే రాసేదాన్ని. అడ్డం తిరుగుతాడనుకున్న కౌన్సిలరు ఇంటికి ముందురోజే ఆఫీసు తరఫున ఎవరో ఒకరు వెళ్ళి, కాఫీ తాగి, నాలుగు మంచి మాటలు చెప్పి రావాలి. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు నేనే. ఆడమనిషి ఇంటికొచ్చి అడిగితే కాదనలేరని కమిషనరు గారి నమ్మకం. కాదనలేదు కూడా.

తలుపు తీసింది వంతెన మీది ముసలాయనే. నన్ను గుర్తుపట్టి సంతోషించాడు. చెప్పులు గుమ్మం దగ్గర విప్పుతుంటే, వీళ్ళకీ ఆ అలవాటే ఉందని చూసి నా ధైర్యం ఇంకాస్త పెరిగింది. ఆయన ఊరి మున్సిపాలిటీలోనే ముప్పై ఏళ్ళు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడట. భార్య పోయి చాలా కాలమైంది. తనే వండిన తీపి రొట్టె పెట్టాడు. లోపల ఎర్రటి కాడల ముక్కలు, అచ్చం గోంగూర పులుపు. మా ఊళ్ళో అంత పుల్లటి ఆకుతో పచ్చడి చేస్తామని చెబితే, రుచి చూడాలనుందన్నాడు. ఎంత హాయిగా కూర్చున్నామో. ఆ పావుగంటని ఇప్పటికీ తలుచుకుంటాను.

తర్వాత నేను లేచి శాలువా విప్పి ఆయన భుజాల చుట్టూ కప్పాను. చేతులు జోడించాను. ముసలాయన ముఖం ఎర్రబడింది. అంచుని వేళ్ళతో తడిమి, "ఇది నాకా?" అన్నాడు. సున్నుండల డబ్బా తెరిచాను. ఒకటి తిని, పప్పుతో ఇంత రుచి వస్తుందా అని ఆశ్చర్యపోయాడు. రెండోది చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో, ఆఫీసు ఉత్తరం భాషలో. "ప్రసన్న నా చెల్లెలి కూతురు సార్. ఎంతో కష్టపడింది. రేపు మీరు దయచేసి వంతెనకి సరేననాలి."

వాల్టర్ గారు చేతిలో ఉన్న సున్నుండని మళ్ళీ డబ్బాలో పెట్టేశారు. "టీ ఇంకొంచెం పోయనా?" అన్నారు. అంతే. అవునని గాని కాదని గాని అనలేదు.

మా ఊళ్ళో కౌన్సిలరు మాట్లాడకుండా ఊరుకుంటే పని అయిపోయినట్టే. రోడ్డు మీద కూనిరాగం తీసుకుంటూ ఇల్లు చేరాను. ప్రసన్నకి చెప్పలేదు. రేపు దానికే తెలుస్తుందిలే, ఆశ్చర్యపోతుందనుకున్నాను.

కౌన్సిల్ హాలు

లైబ్రరీ పైన హాలు. సాయంత్రం ఆరున్నరకి మధ్యాహ్నంలా ఎండ. ఊరివాళ్ళు పాతిక మంది దాకా వచ్చారు. డొరీన్ ముందు వరసలో ఉంది, రబ్బరు బూట్ల బదులు నల్ల చెప్పులు, చేతిలో మడిచిన కాగితం. కౌన్సిలర్లకి బొకేలు లేవు, వేదిక లేదు. మన ఆఫీసుల్లో లాంటి బల్లలే, ఎదురెదురుగా వేసుకున్నారు. మేయరు కూడా తన నీళ్ళు తనే పోసుకుంది. ఇదంతా మా వాళ్ళకి చెప్పాలని మనసులో రాసుకుంటున్నాను.

మేయరు మొదటి అంశం చదివింది. ఈరోజు ఎజెండాలో ఉన్న విషయాలతో ఏ సభ్యుడికైనా సొంత సంబంధం ఉంటే ముందే చెప్పాలట. అది వాళ్ళ ఆనవాయితీ. వాల్టర్ గారు లేచారు. కాళ్ళ దగ్గర్నుంచి కాగితపు సంచి తీసి, అందులోంచి మెరూన్ శాలువాని బయటికి తీసి బల్ల మీద పెట్టారు. నేను మడిచినదాని కంటే శుభ్రంగా మడిచి ఉంది. పక్కన సున్నుండల డబ్బా.

ఆయన అన్న మాటలు, నాకు అర్థమైనంతలో ఇవి. "నిన్న మా ఇంటికి ఒకావిడ వచ్చారు. మన ఇంజనీరమ్మాయి పెద్దమ్మ. ఇండియా నుంచి వచ్చారు. ఈ శాలువా నా భుజాలకి కప్పారు. నాకు అలా ఎవరూ ఎప్పుడూ కప్పలేదు. ఒక స్వీటు తిన్నాను, చాలా బాగుంది. తర్వాత ఆవిడ ఈ వంతెనకి ఓటెయ్యమని నన్నడిగారు. చెడు ఉద్దేశంతో చేశారని నేననుకోను. వాళ్ళ దేశంలో పద్ధతి అదేమో. కానీ ఇప్పుడు నేను ఎటు చెయ్యెత్తినా, ఎందుకెత్తానో మీకు తెలియదు. బహుశా నాకూ తెలియదు. అందుకని ఈ విషయం అయ్యేదాకా బయట కూర్చుంటాను."

మున్సిపల్ క్లర్కు, ఒక చిన్న వయసు అమ్మాయి, రూలు ప్రకారం దీనికి బయటికెళ్ళక్కర్లేదని మెల్లగా చెప్పింది. "రూలుకి అక్కర్లేకపోవచ్చు," అని ఆయన కర్ర పోటేసుకుంటూ వెళ్ళిపోయారు.

వాళ్ళ దేశంలో పద్ధతి అదేమో. ఆ మాట దగ్గర నా తల దించుకుపోయింది. కోట్లమంది ఉన్న దేశాన్ని నేనొక్కదాన్ని సంచిలో పెట్టుకుపోయి ఆయన బల్ల మీద పెట్టాను. పాతిక మందిలో ఎవరూ వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ప్రసన్న లేచి తన రిపోర్టు చదివింది. అంకెలన్నీ తడుముకోకుండా చెప్పింది. వ్యతిరేకంగా ఉన్న ఒక సభ్యుడు, ఈ సందర్శన గురించి నీకు తెలుసా అని అడిగాడు. "తెలీదు," అంది. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం కాగితం సర్దుకుంది. ప్రశ్న అడగాల్సి వచ్చినందుకు ఆయన క్షమించమన్నాడు. డొరీన్ తన నాలుగు నిమిషాలూ మాట్లాడింది. ఎర్రదీపం గురించీ చెప్పింది. తర్వాత చేతులెత్తారు. ఇటు రెండు, అటు రెండు.

సమానమైతే వీగిపోయినట్టేనట. మేయరు ఆ మాట చెప్పి, కళ్ళజోడు తుడుచుకుని, తర్వాతి అంశం చదివింది. ఆటస్థలంలో బెంచీల సంగతి.

బయట బెంచీ మీద వాల్టర్ గారు ఎండలో కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను. క్షమించమని అనబోయి ఏడ్చేశాను. ఆయన పక్కకి జరిగి చోటిచ్చారు.

"ఆదివారం నన్ను వంతెన మీద చూశారు కదా," అన్నారు. "ఆ పలకలన్నీ చూసుకుని, ఇంటికెళ్ళి నిర్ణయించుకున్నాను. అవుననే."

మళ్ళీ వంతెన దగ్గర

ఆ రాత్రి ప్రసన్న నన్ను తిట్టలేదు. డొరీన్ ఇచ్చిన గుడ్లు ఉడికించి పులుసు పెట్టింది. "తిను పెద్దమ్మా," అంది. తిన్నాక గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండా, "నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా," అంది. నా చిన్నప్పుడు మా అమ్మ తిట్టినట్టు నాలుగు తిట్టినా ప్రాణం తెరిపిన పడేది.

బుధవారం పొద్దున బయల్దేరే ముందు, క్షమాపణ ఉత్తరం ఇవ్వాలని మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. క్లర్కు అమ్మాయి తీసుకుని, ఒక పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. సభ్యులకి ఎవరేమిచ్చినా అందులో రాస్తారట, ఊళ్ళో ఎవరైనా వచ్చి చదవచ్చట. నిన్నటి తేదీ కింద మూడు వరసలు. శాలువా ఒకటి, తిరిగి ఇవ్వబడింది. మిఠాయిలు ఒక డబ్బా, ఒకటి తినబడింది. ఇచ్చినవారు, రాజ్యలక్ష్మి.

"మీ పేరు స్పెల్లింగు సరిగ్గా ఉందా?" అని మర్యాదగా అడిగింది.

సరిగ్గానే ఉంది. ఇరవై ఏళ్ళు మినిట్స్ పుస్తకాలు రాశాను. జరిగింది జరిగినట్టు మూడు వరసలు ఏ పేజీలోనూ రాయలేదు.

డొరీన్ దగ్గరికి ఒక్కదాన్నే వంతెన దాటి వెళ్ళాను. ఆవిడ కోళ్ళకి గింజలేస్తోంది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఫర్వాలేదంటుందనుకున్నాను, మన దగ్గరైతే మొహమాటానికైనా అంటారు. ఆవిడ అనలేదు.

"మీరు నా మంచికే చేశారని తెలుసు," అంది. "నాకు చాలా కోపంగా ఉంది. ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది మళ్ళీ అవకాశం రావడానికి. అప్పటికి నేనుంటానో లేదో." గింజల గిన్నె కింద పెట్టి, వంతెన దాకా నాతో నడిచొచ్చింది. అటువైపు పలకలు జారతాయని నా మోచెయ్యి పట్టుకుని దాటించింది. ఇవతలికి రాగానే వదిలేసి వెనక్కి వెళ్ళిపోయింది.

తిరుగు దారి

వచ్చేటప్పుడు చేపల బండి దగ్గర ఆగలేదు. గులాబీ రంగు బండల దగ్గర ప్రసన్న అంది.

"పెద్దమ్మా, నాలుగేళ్ళ కిందట నేను మనూరొచ్చాను గుర్తుందా? నా టెన్త్ క్లాస్ ఫ్రెండ్ ఇంటికెళ్దామని ఆటో ఎక్కా. రైలుగేటు దాటనన్నాడు. రోడ్డు లేదు, టైర్లు కోసుకుపోతాయన్నాడు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"వచ్చేటప్పుడే అడుగుదామనుకున్నా. నువ్వంత హ్యాపీగా చెప్తుంటే అడగలేకపోయా. ఆ గ్రాంటు ఏమైంది?"

అంటే వెళ్ళేటప్పుడే దానికి తెలుసు. నా గొప్పలన్నీ తెలిసే విన్నది.

చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆ తీర్మానానికి మీటింగే జరగలేదు. మున్సిపాలిటీ వాటా కేటాయించడమైనదని రాసి, ఇంటింటికీ పుస్తకం పట్టుకెళ్ళి సంతకాలు పెట్టించాను. ఏ నిధీ కేటాయించలేదు, ఎక్కడా లేదు కూడా. కేంద్రం మొదటి విడత పంపింది. దాంతో సగం దూరం కంకర పోశారు. మీ వాటా చూపించండని అడిగేసరికి చూపించడానికేమీ లేక, మిగతా గ్రాంటు మురిగిపోయింది. కంకర అలాగే ఉంది. ఆ ఏడాది ఆగస్టు పదిహేనున ఉత్తమ ఉద్యోగినిగా నాకు ప్రశంసాపత్రం ఇచ్చి, శాలువా కప్పారు.

"అది చూడకముందే, ఇంటర్వ్యూలో నేను నీ గురించే చెప్పా పెద్దమ్మా," అంది ప్రసన్న. "మా పెద్దమ్మ కాలనీకి రోడ్డు వేయించింది, అందుకే మున్సిపాలిటీలో చేస్తానన్నా."

టొరంటో దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. దాని చెయ్యి గేరు మీద ఉంది. పట్టుకోవాలనిపించింది గాని ముఖం చెల్లలేదు.

మా ఊరు

తిరిగొచ్చిన రెండో వారం మా పెన్షనర్ల సంఘం నెలవారీ సమావేశం. కెనడా విశేషాలు చెప్పమని నన్ను పిలిచారు. పాత ఆఫీసు పక్కన రేకుల షెడ్డు, ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు. నాతో పనిచేసినవాళ్ళే అందరూ. టీ తెచ్చేది కోటమ్మ. రైలుగేటు అవతల కాలనీ నుంచి ఫ్లాస్కు మోసుకుని నడిచి వస్తుంది. ఆరేళ్ళుగా ఆవిడ టీ తాగుతున్నాను. ఎలా వస్తుందో ఎప్పుడూ అడగలేదు.

అధ్యక్షుడు గారు నన్ను ముందుకి పిలిచి, ప్లాస్టిక్ కవరు చింపి శాలువా విప్పారు. నేను చేత్తో ఆపాను.

"సభ మొదలయ్యే ముందు నేను చెప్పాల్సింది ఒకటుందండీ," అన్నాను.

నయాగరా గురించేమో అనుకుని అందరూ నవ్వుముఖాలతో సర్దుకుని కూర్చున్నారు. వాల్టర్ గారి దగ్గర మొదలుపెట్టి రైలుగేటు దాకా చెప్పాను. మీటింగు జరగలేదన్నాను. వాటా లేదన్నాను. రాసింది నేనన్నాను. ఎవరెవరు సంతకం పెట్టారో చెప్పలేదు. ఇది నా లెక్క. నవ్వులు ఆగిపోయాయి. వెనక వరసలో ఒకాయన, "ఇప్పుడవన్నీ ఎందుకండీ మేడం," అన్నాడు. అధ్యక్షుడు గారి చేతుల్లో శాలువా సగం విప్పి అలాగే ఉంది.

కోటమ్మ గోడ పక్కన గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉంది. ఆవిడ ఉందని నాకు తెలుసు. నిజానికి ఆవిడ ఉందనే చెప్పాను.

"అయితే మేడం," అంది కోటమ్మ, "మా రోడ్డుకి డబ్బులొచ్చినయ్యా?"

"వచ్చినయ్ కోటమ్మా."

"మా గేటవతలోళ్ళకి ఎవురూ ఏమీ ఇయ్యరులే అనుకున్నాం, ఇన్నేళ్ళూ."

వచ్చి నా ముందు ఒక టీ గ్లాసు పెట్టి, పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళింది.